ఏ రూపాయి?

లేపాక్షి వీరభద్రాలయమున అసంపూర్తిగా నిలిచిపోయిన కల్యాణ మండపము దగ్గర, గోడపై రెండు ఎర్రని మరకలను చూపి, అవి విరూపణ్ణ కన్నులు తాకిన చోట్లని చెప్పుదురు. పెనుకొండలో విజయనగర ప్రభువుల కోశాధికారియగు ఆతడు, అచ్యుతదేవరాయల అనుమతి లేకయే ఖజానా సొమ్మును ఆలయమునకు వెచ్చించెననియు, శిక్ష పడకమునుపే తన కన్నులను తానే పెరికి గోడకు విసరెననియు జనశ్రుతి. మా విహారయాత్రలో ఈ కథ ముగియగనే ఒక విద్యార్థి, "ఇంతకును ఖర్చయిన దెంత? మన రూపాయలలో చెప్పండి" అనెను. అందరమును నవ్వితిమి. జవాబు మాత్రము ఎవరికిని తోచలేదు.

విరూపణ్ణ కాలపు లెక్క వరహాలది. ఈ సీమను 1800లో నిజాము ప్రభువు ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసిన పిమ్మట కూడ మదరాసు రాజధానిలో వరహా కొన్నాళ్లు సాగినది. 1818లో రూపాయి ప్రమాణ నాణెమైనప్పుడు 100 నక్షత్ర వరహాలకు 350 రూపాయలని కట్టిరి. అంతటితో ఇక్కడి చిక్కు తీరినది. కాని మన పీఠభూమికి ఉత్తరముగా తుంగభద్ర దాటినచో మరియొక చిక్కు సిద్ధముగా నుండెడిది. కర్నూలు ఒడ్డున ఒక రూపాయి. అవతల నిజాము రాష్ట్రమైన అలంపురము ఒడ్డున వేరొక రూపాయి. పేరొక్కటే, విలువ ఒక్కటి కాదు.

అవతలి దానిని హాలీ సిక్కా అనిరి. 'హాలీ' అనగా ప్రస్తుతము చెల్లునది. ఇవతలి బ్రిటిషు రూపాయిని కల్దారు అనిరి; 'కల్' అనగా యంత్రము, యంత్రముపై ముద్రించినదని అర్థము. తరువాత హైదరాబాదు టంకశాలలోను యంత్రములు వచ్చి, చార్మినారు బొమ్మతో చక్కని రూపాయలు వెలువడినను, పేర్లు మాత్రము మారలేదు!

స్థిరపడిన మారకము ఇది: 7 హాలీలకు 6 కల్దారులు. ఇది ఊరక పుట్టిన అంకె కాదని నాణెములను తూచిన తెలియును. కల్దారు 11.66 గ్రాములు, అందు 12 పాళ్లలో 11 పాళ్లు వెండి. హాలీ సుమారు 11.18 గ్రాములు, వెండి నూటికి 82 పాళ్లు. ఆరు కల్దారులలో ఎంత వెండి యున్నదో ఏడు హాలీలలో ఇంచుమించు అంతే, 64 గ్రాములు. 1940లో బ్రిటిషు వారు తమ రూపాయిలో వెండిని సగపాలునకు తగ్గించిరి. అయినను 7కు 6 అనునది కదలలేదు. 1950లో భారత రూపాయి హైదరాబాదులో ప్రవేశించినప్పుడును అదే లెక్క. వెండి పోయినను మాట నిలిచినదన్న మాట.

పెద్ద మొత్తములకు ఈ లెక్క తిన్ననిదే: 100 కల్దారులకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ. చిల్లరకు వచ్చుసరికి కథ వేరు. అణాకు 12 పైలు గదా. ఒక హాలీ అణాకు కల్దారులో 10 పైలు, ఆపైన పైలో ఏడింట రెండు పాళ్లు రావలెను. ఆ రెండు పాళ్లు ఏ నాణెమున ఇత్తురు? అది షరాబు సంచిలో మిగులును. దానికి తోడు వట్టము. వేయి రూపాయలు మార్చు వర్తకునికి ఇది లెక్కలోనిది కాదు. రోజుకూలి అణాలతో రేవు దాటినవానికి మాత్రము లెక్కలోనిదే. ప్రభుత్వ పుస్తకములలో 7కు 6 అని యుండును గాని, వాని చేతికి వచ్చిన దెంతయో ఉండదు.

ఈ భేదము మరచి వ్రాయు వ్యాసములు మేము తరచు చదువుచున్నాము. నిజాము రాష్ట్రమున ఉపాధ్యాయునికి 70 రూపాయలు, మదరాసు రాష్ట్రమున 65 రూపాయలు అని యుండినచో అక్కడి వారే మేలని తేల్చివేయుదురు. 70 హాలీలనగా 60 కల్దారులే! ఏ రూపాయియో చెప్పని చరిత్రను మేము నమ్మజాలము.

పూర్వులు మనకంటె జాగ్రత్తపరులు. ఉర్దూ నిఖానామాలలో మెహరు మొత్తము వెంట 'సిక్కా రాయిజుల్ వఖ్త్', అనగా ఆ కాలమున చెల్లు నాణెము, అని వ్రాయుట పరిపాటి; నేటికిని ఆ మాట పోలేదు. ఏ నాణెమో ఆ మాట చెప్పును. నలుబది ఏండ్ల తరువాత ఆ మొత్తమునకు ఎన్ని సేర్ల బియ్యము వచ్చునో చెప్పదు. ఆ నష్టము ఎప్పుడును పుచ్చుకొనవలసిన స్త్రీదే.

కావున కళాశాల కమిటీ వారికి మా విన్నపము. విద్యార్థుల ఇండ్లలో పాత దస్తావేజులు, అంగడి చిట్టాలు, నిఖానామాలు ఇంకను కొన్ని యున్నవి. ఇల్లు మార్చినప్పుడెల్ల కొన్ని తగ్గుచున్నవి. గ్రంథాలయమున ఒక పుస్తకము పెట్టించి, కాగితపు తేదీ, నాణెము పేరు, మొత్తము, మారకము కనబడినచో అదియు ఎక్కింపవలెను. కుటుంబముల పేర్లు అక్కరలేదు. ఫసలీ సంవత్సరమునకు 590 కలిపిన సుమారుగా క్రీస్తు శకము వచ్చును. తెలుగు చిట్టాలు ఉర్దూ విద్యార్థులకు, ఉర్దూ కాగితములు తెలుగు విద్యార్థులకు కొరుకుడు పడవు; ఇరువురును ఒకే బల్లవద్ద కూర్చొనక తప్పదు. పాత లెక్కలలోని రఖము అంకెలు నేటి ఉర్దూ విద్యార్థులలో చాలమందికి రావు. వానిని చదువగల పెద్దలు ఉన్నప్పుడే, వచ్చు వేసవి సెలవులకు ముందుగా, ఒక వారము వారిని పిలిపింపవలెనని కోరుచున్నాము.