ఫోను చెప్పే సాక్ష్యం ఎంతవరకు?

వార్షిక సంచికకు ఏదైనా రాయమని యూనియన్ కార్యదర్శి అడిగారు. నిరుద్యోగం మీదా, పరీక్షల విధానం మీదా రాసేవాళ్ళు ఎలాగూ ఉన్నారు గనుక, మనమంతా కేంటీన్లో రోజూ చేసే ఒక పనిని గురించి రాద్దామనుకున్నాను. టీ తాగుతాం, గోడమీది క్యూఆర్ బొమ్మకు ఫోను చూపిస్తాం, డబ్బులు వెళ్ళిపోతాయి. డబ్బుతోపాటు మరొకటి కూడా వెళ్ళవచ్చు. ఆ క్షణాన మనం ఎక్కడ నిలబడి ఉన్నామన్న సమాచారం!

2016లో వచ్చిన యూపీఐ విధానంలో, చెల్లింపు సందేశంలోనే ఫోను ఉన్న చోటు రాయడానికి కూడా ఒక గడి పెట్టారు. దొంగను పట్టడానికి పనికొస్తుందని. ఈ ఆలోచన అంతకుముందే ఉన్నది. కార్డు గీకినచోటనే సొంతదారు ఫోను కూడా ఉన్నదా అని చూసే పద్ధతిని 2014లో మాస్టర్‌కార్డ్, 2015లో వీసా ప్రకటించాయి. సాయంత్రం ఆరింటికి హనుమకొండలో టీ తాగినవాడి కార్డు ఆరుంపావుకి ముంబాయిలో బంగారం కొంటున్నదంటే, అది నకలు కార్డని చెప్పడానికి డిటెక్టివు అక్కర్లేదు గదా! 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావాలని రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల్లో కూడా, అనుమానపు చెల్లింపులను గుర్తించడానికి చూడదగ్గ విషయాల్లో ‘చోటు’ ఒకటి.

నేను దీనికి వ్యతిరేకిని కాను. నా పేచీ అల్లా, సాక్షిని తీసుకెళ్ళి న్యాయమూర్తి కుర్చీలో కూర్చోబెట్టడంతోనే.

మా హాస్టలు సంగతి చూడండి. చాలామంది జేబుల్లో ఉండేది నాన్న ఏటీఎం కార్డు. నాన్న ఫోనేమో ఊళ్ళో, ఆయన చొక్కా జేబులో. మా గదిలోని మిత్రుడొకడు పరీక్ష ఫీజుకు ఆఖరు రోజున డబ్బు తీయబోతే, మెషీను మూడుసార్లు కాదన్నది. కార్డు ఒకచోట, ఫోను ఒకచోట ఉన్నాయి కాబట్టి ఆపేశామని బ్యాంకువారి జవాబు. ఆదిలాబాద్ దగ్గర పత్తి చేలో ఉన్న వాళ్ళ నాన్నకు ఆ సంగతి తెలిసేసరికి కాలేజీ కౌంటరు మూసేశారు. కార్డు పిల్లవాడి చేతికివ్వడమే తప్పని నిబంధన చెబుతుంది. నిజమే. కాని ఇంటికొక్క ఖాతాతో నెట్టుకొచ్చే కుటుంబాలు నిబంధనల పుస్తకం చదివి పిల్లల్ని చదివిస్తాయా? 2024లో ‘యూపీఐ సర్కిల్’ అని పెట్టారు. తండ్రి తన ఖాతా నుంచి నెలకు 15,000 రూపాయల దాకా కొడుకు తన ఫోనుతో ఖర్చుపెట్టుకునేందుకు అనుమతించవచ్చు. మంచి పనే. ఈ సంగతి ఆ తండ్రులకు చెప్పేవాళ్ళేరీ?

ఇక అసలు దొంగల మాట. పోలీసులమనీ, సీబీఐ అనీ వీడియోలో బెదిరించి, ‘డిజిటల్ అరెస్టు’ పేరుతో ముసలివాళ్ళ చేత డబ్బు పంపించుకుంటున్నారు. అక్కడ ఫోను ఇంట్లోనే ఉంటుంది, మనిషీ ఇంట్లోనే ఉంటాడు, పిన్ను నొక్కేది కూడా సొంత వేలే. ఫోనును అడిగితే ‘అంతా సవ్యంగానే ఉన్నది’ అంటుంది. మనిషి ఎక్కడున్నాడో దానికి తెలుసుగాని, ఎంత వణుకుతున్నాడో తెలియదు. పైగా ఆండ్రాయిడ్ ఫోనులో దొంగచోటు చూపించడానికి సెట్టింగుల్లోనే దారి ఉన్నది. మన మొదటి సంవత్సరం కుర్రాళ్ళే చేసి చూపిస్తారు. అంచేత ఆరితేరిన దొంగ తప్పుకుపోతాడు, ఫీజు కట్టే కుర్రాడు చిక్కుతాడు!

మరొక సంగతి యూనియన్ వాళ్ళం మనం ఆలోచించవలసింది. ఎప్పుడెప్పుడు ఎక్కడెక్కడ పైసలిచ్చామో వరసగా పేరిస్తే అది మన దినచర్య. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాం, ధర్నానాడు ఏ సెంటర్లో టీ తాగాం, కరపత్రాలు ఏ జిరాక్సు షాపులో తీయించాం అన్నీ అందులో ఉంటాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. చోటు చెప్పడానికి సమ్మతి తీసుకోవాలని, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకున్నా సేవ ఆపరాదని 2022లో యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ కూడా ఆదేశించింది. మనమేమో తెరమీద ప్రశ్న రాగానే చదవకుండా ‘సరే’ నొక్కేస్తాం.

అసలు బ్యాంకుకు అంత ఖచ్చితమైన చోటెందుకు? అక్షాంశ రేఖాంశాల్లో దశాంశం తర్వాత అయిదు అంకెలు ఇస్తే సుమారు మీటరు దూరం దాకా తెలిసిపోతుంది. ఒక్క అంకెతో ఆపితే దాదాపు 11 కిలోమీటర్ల లోపు ఎక్కడో ఉన్నామని మాత్రమే తెలుస్తుంది. హనుమకొండకూ ముంబాయికీ తేడా చెప్పడానికి అది చాలదూ? ఆ పోలికైనా చెల్లింపు కాగానే చెరిపెయ్యాలి. చోటు కలవనప్పుడు తలుపు మూసెయ్యకుండా, సొంతదారుకు తెలుగులో ఫోను చేసి ‘ఇది మీరు పంపినవారేనా?’ అని అడగాలి. ఆ నాన్న పత్తి చేలోంచే ‘అవును, మా వాడే’ అని ఉండేవాడు.

మన కంప్యూటర్ సైన్సు లెక్చరర్లు దీన్ని ఆఖరి సంవత్సరం వాళ్ళకు ప్రాజెక్టుగా ఇస్తారేమో అడుగుదామనుకుంటున్నాను. హాస్టలు విద్యార్థుల తండ్రులకు యూపీఐ సర్కిల్ సంగతి వివరిస్తూ ఒక ఉత్తరం అచ్చువేయించాలన్న ప్రతిపాదన వచ్చే జనరల్ బాడీ సమావేశంలో పెడతాను. బలపరిచేవారు ముందుగా పేరిస్తే సంతోషిస్తాను.