చచ్చినవి: సున్నా

మా బాస్ చేపల వేట క్లబ్ రిజిస్టర్‌లో ‘చచ్చినవి’ అని ఒక గడి ఉంది. ఆరేళ్లుగా దాన్ని నింపేది నేనే. ఎండలు మండే జూలై పోటీలకి కూడా నేను అందులో సున్నాయే వేస్తూ వచ్చాను. అబద్ధం రాశానని నన్నెవరూ పట్టుకోలేరు. తూకం బల్ల దగ్గర ఆ చేపలు నిజంగానే కదులుతున్నాయి. మా లెక్క ఆ బల్ల దాటేది కాదు, అంతే.

డాలస్ చుట్టుపక్కల రిజర్వాయర్లలో జూలైలో పైనీరు 30 డిగ్రీలు దాటి కాగుతుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఇమిడే ప్రాణవాయువు తగ్గుతుంది, చేపకి కావలసింది మాత్రం పెరుగుతుంది. ఆ నీళ్లనే పడవలో లైవ్‌వెల్ తొట్టిలోకి తోడి, ఐదు లార్జ్‌మౌత్ బాస్‌లని మధ్యాహ్నం మూడు దాకా చెరువంతా తిప్పేవాళ్లం. బ్యాటరీ ఆదా అని నేను తొట్టి నీళ్లలోకి గాలి పంపే ఏరేటర్‌ని టైమర్ మీద పెట్టేవాణ్ణి. ఇంటికెళ్లేసరికి బ్యాటరీ ఇంకా సగం ఉండేది.

నాది గోదావరి వైపు. సంతలో బేసిన్‌లో జానెడు నీళ్లు పోసి కూర్చోబెట్టిన కొరమీను గంటల తరబడి బతకడం చూస్తూ పెరిగాను. చేప ప్రాణం గట్టిదని అక్కడే మనసులో పడిపోయింది. కొరమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. బాస్‌కి మొప్పలే దిక్కు. ఈ తేడా తెలియదన్న సాకు మొదటి ఏడాదికి చెల్లుతుంది.

తర్వాత చెల్లదు. పట్టిన చేపని చంపొద్దు, వదిలెయ్యండని రే స్కాట్ తన బాస్ పోటీల్లో మొదలుపెట్టింది 1972లో. ఆయన పెట్టిన సంస్థే 2002లో ‘కీపింగ్ బాస్ అలైవ్’ అనే పుస్తకం తెచ్చింది. తొట్టిలో మంచుసీసాలు వేసి నీటి వేడి కాస్త తగ్గించాలని, తూకం సంచిలో చేపల్ని రెండు నిమిషాలకి మించి ఉంచొద్దని అందులోనే ఉంది. ఆ పుస్తకం మా సామాన్ల పెట్టెలో ఉండేది. గాలి రోజున పేపరు ప్లేట్లు ఎగిరిపోకుండా వాటి మీద బరువు పెట్టుకున్నాం.

మా తూకం క్యూలో సంచి పట్టుకుని నిలబడటం ఒక్కోసారి పావుగంట. ముందున్న ప్రతివాడికీ ఫొటో కావాలి. నాకూ కావాలి. ఒకసారి ఆరు పౌన్ల చేప దొరికింది. కింది దవడ ఒంటి చేత్తో పట్టి, బరువంతా దాని మీదే వేలాడేలా అడ్డంగా ఎత్తాను. ఎండకి మెరవాలని అంతకుముందే తువ్వాలుతో తుడిచాను. దాని చర్మానికి కాపలాగా ఉండే జిగురంతా ఆ తువ్వాలుకే అంటింది. ఉతికినా రెండు వారాలు వాసన పోలేదు. ఫొటో మాత్రం బాగా వచ్చింది.

చచ్చిన చేప తెస్తే తూకంలో కోత. చేపని కాపాడటానికి పెట్టుకున్న నియమమే అది. దాన్నుంచి మేం నేర్చుకున్న విద్య వేరు, చావబోయే చేపని బల్ల దాకా కదిలించుకు రావడం. తోక పట్టి నీళ్లలో ముందుకీ వెనక్కీ ఆడిస్తే మొప్ప ఒకసారి లేస్తుంది. లేవగానే నేను మైకులో “బతికే ఉంది!” అనేవాణ్ణి. అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు.

ఓసారి మా స్నేహితుడి కూతురు, ఏడేళ్ల పిల్ల, తొట్టిలోకి వంగి చూసి అడిగింది. “అంకుల్, అది పక్కకి ఎందుకు పడుకుంది?”

“అలిసిపోయిందమ్మా. రెస్ట్ తీసుకుంటోంది.”

మార్చి పోటీ సంగతి చెప్పాలంటే ఇంకా సిగ్గు. మగ బాస్ గూడు కాస్తుండగా గాలం వేసి లాగేస్తే, బ్లూగిల్ చేపలు నిమిషాల్లో గుడ్ల మీద పడతాయి. కాపలాదారుని మైళ్ల అవతల పడవల ర్యాంపు దగ్గర వదిలి, దానికి సంరక్షణ అని పేరు పెట్టుకున్నాం.

మార్చుకునే అవకాశం ఇంటికొచ్చింది కూడా. మేజర్ లీగ్ ఫిషింగ్‌లో లాగా పడవలోనే తూచి, పట్టినచోటే వదిలేద్దామని ఒక కుర్రాడు జనవరి మీటింగ్‌లో అన్నాడు. వేదిక మీద చేప కనబడకపోతే స్పాన్సర్ రాడన్నారు. పడవకొక సాక్షిని ఎక్కడ తెస్తామన్నారు. ఆ కుర్రాడి ముఖం చూడకుండానే వద్దన్నవాళ్లతో పాటు నేనూ చెయ్యెత్తాను. ట్రోఫీల లెక్కలో ఆ ఏడాది నేను రెండో స్థానంలో ఉన్నాను.

ఆ ఏడాది జూలై పోటీ అయిన మూడోరోజు, బుధవారం, మర్చిపోయిన కూలర్ కోసం ర్యాంపుకి వెళ్లాను. మేం చేపల్ని వదిలినచోటికి కాస్త పక్కన, రెల్లు దుబ్బుల్లో తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. పదకొండు లెక్కపెట్టి ఆపేశాను. ఒకదాని కింది దవడ వేలాడుతోంది. ఒడ్డున కొంగ ఒకటి నన్ను చూసి కూడా లేవలేదు.

కూలర్ ఎత్తుకుని కారెక్కాను. రిజిస్టర్ వెనక సీట్లోనే ఉంది. ఆదివారం గడి అప్పటికే నింపేసి ఉంది కదా అని తెరవలేదు.