పసిబిడ్డకు నిద్రమందు ఎవరి కోసం?

పోయిన నెల ఒక సాయంత్రం బళ్లారిలోని మా దవాఖానాకు ఒక పెద్దావిడ, ఆమె కూతురు వచ్చారు. కూతురి ఒళ్లో పందొమ్మిది రోజుల మగబిడ్డ. చెవులకు గుడ్డ కట్టుకున్న ఆ బాలింతను చూడగానే, ఈ వేళప్పుడు బయటికెందుకు తీసుకొచ్చారమ్మా అని మందలించబోయాను. అంతలోనే పెద్దావిడ అసలు సంగతి చెప్పింది.

"ఆదివారం పిల్లనూ, పిల్లోణ్ణీ ఢిల్లీకి పంపిస్తాండాం హకీం సాబ్. బెంగళూరు దాకా కారు, ఆడి నుంచి విమానం. అల్లుడు టికెట్లు గూడా కొనేసినాడు. దోవలో పిల్లోడు ఏడవకుండా కమ్మగా పండుకునేట్టు ఏదన్నా ఘుట్టీ ఇయ్యండి. ఇంగ్లీషు మందంటే మాకు భయం. మీదైతే ఆకూ అలమే కదా."

ఆ చివరి మాట నన్ను బాధపెట్టింది. ఆకూ అలమైతే ఏమీ చేయదన్న నమ్మకం మన జనంలో ఎంతగా పాతుకుపోయిందో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకే తెలుసు. నల్లమందు కూడా చెట్టు నుంచి వచ్చేదే. ఉమ్మెత్త కూడా చెట్టే.

నేను ఘుట్టీ ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ఆమెకు అరగంట సేపు చెప్పాను. ఈ మధ్య ఇదే కోరికతో వచ్చేవాళ్లు ఎక్కువవుతున్నారు గనుక ఇక్కడ కూడా చెప్పదలుచుకున్నాను.

ఒకప్పుడు విమానం మనబోటి వాళ్ల ఊసులోనే లేదు. 2017 ఏప్రిల్‌లో ఉడాన్ పథకం కింద తొలి విమానాలు ఎగిరినప్పుడు వాటిలో నాందేడ్ నుంచి హైదరాబాదుకు వెళ్లేది ఒకటి, కడప నుంచి హైదరాబాదుకు వెళ్లేది ఇంకొకటి. అప్పటి నుంచి చిన్న ఊళ్ల వాళ్లు కూడా విమానం ఎక్కడం నేర్చుకున్నారు. మంచిదే. కానీ పురిటికి పుట్టింటికి రావడం అనే మన ఆనవాయితీ మాత్రం మారలేదు. అల్లుడి ఉద్యోగం ఢిల్లీలోనో పూనాలోనో, పురుడు బళ్లారిలోనో బరంపురంలోనో యానాంలోనో. బారసాల అత్తవారింట్లో జరగాలంటారు. లేదా అల్లుడికి సెలవు అయిపోతుంది. అందుకని మూడో వారంలోనే బిడ్డను విమానం ఎక్కిస్తున్నారు. దుబాయి, మస్కట్ వెళ్లే వాళ్లకు ఈ తొందర ఉండదు. పసివాడికీ పాస్‌పోర్టు, వీసా కావాలి కాబట్టి కాగితాలే వాళ్లను కాపాడుతున్నాయి. దేశం లోపల తిరిగే వాళ్లకు ఆ అడ్డు లేదు.

మా యునానీలో ఆరోగ్యానికి ఆరు మూలాధారాలు చెప్తారు. అస్బాబె సిత్తా జరూరియ్యా అంటారు. వాటిలో మొట్టమొదటిది హవా, అంటే గాలి. అన్నపానాలు కూడా దాని తర్వాతే. విమానంలో మొదట మారేది ఆ గాలే.

విమానం ముప్ఫై అయిదు వేల అడుగుల ఎత్తున పోతున్నా, లోపలి గాలిని యంత్రాలతో ఒత్తిపెట్టి ఆరు వేల నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంచుతారు. మన ఊటీ ఎత్తు దాదాపు 7,350 అడుగులు. అంటే బిడ్డను అరగంట లోపల ఊటీ ఎక్కించినట్టు లెక్క. గాలిలో ప్రాణవాయువు పాలు మారదు గానీ ఒత్తిడి తగ్గడం వల్ల ఒంటికి అందేది తగ్గుతుంది. నెలలు నిండి పుట్టి, చక్కగా పాలు తాగే బిడ్డ దీన్ని తట్టుకుంటుంది. అందులో సందేహం లేదు. అయితే పుట్టిన తొలి రోజుల్లో ఊపిరితిత్తులూ వాటి రక్తనాళాలూ ఇంకా బయటి లోకానికి అలవాటు పడుతూ ఉంటాయి. అందుకే పుట్టిన 48 గంటల లోపు బిడ్డను విమానం ఎక్కించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. విమాన కంపెనీల నియమాలు ఒక్కొక్కటి ఒక్కో రకం. కొన్ని కొద్ది రోజుల బిడ్డనే ఎక్కించుకుంటాయి, కొన్ని వారం దాటాలంటాయి, కొన్ని డాక్టరు చీటీ అడుగుతాయి. ఎక్కనిస్తారు కదా అని ఎక్కించేయడం నాకు నచ్చదు. కంపెనీ చూసేది తన నియమాన్ని. మీ బిడ్డను చూసుకోవలసింది మీరు. నెలలు నిండక పుట్టిన బిడ్డ, పుట్టగానే ఊపిరి ఇబ్బందితో అద్దాల పెట్టెలో ఉన్న బిడ్డ, గుండె జబ్బు ఉన్న బిడ్డ అయితే పిల్లల డాక్టరు చూసి సరేననేదాకా ప్రయాణం మాటే ఎత్తవద్దు.

రెండోది పొడిదనం. విమానం లోపల గాలిలో తేమ సాధారణంగా ఇరవై శాతం కూడా ఉండదు. మా శాస్త్రం ప్రకారం పసితనపు మిజాజ్ వేడి, తడి కలిసినది. ఆ తడిని లాగేసే గాలి పసివాళ్లకు గిట్టదు. ఆ లెక్క ఒప్పుకోని వాళ్లు మామూలుగా ఆలోచించినా చాలు. పసిబిడ్డ ముక్కుతోనే ఊపిరి పీలుస్తుంది, నోటితో పీల్చడం ఇంకా బాగా రాదు. ముక్కు ఎండి మూసుకుపోతే పాలు కూడా తాగలేదు.

అసలు భయం మాత్రం గాలి యంత్రానిది కాదు. చాలా పెద్ద విమానాల్లో గాలిని గట్టి జల్లెడ లాంటి ఫిల్టర్లలో వడగట్టే తిప్పుతారు. భయమంతా పక్క సీటు దగ్గుది. క్యూలో నిలబడి "ఎంత ముద్దుగా ఉన్నాడో" అని బుగ్గ గిల్లే చేతులది. పుట్టినప్పుడు వేసేవి బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. కోరింతదగ్గు లాంటి వాటికి మొదటి టీకా ఆరు వారాలకు గానీ పడదు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. మన ముస్లిం ఇళ్లలో బాలింతకు నలభై రోజుల చిల్లా. తెలుగువాళ్ల ఇళ్లలో కూడా చాలాచోట్ల నెలన్నర దాకా బాలింతను గడప దాటనివ్వరు. ఆరు వారాల టీకా అంటే నలభై రెండు రోజులు. పాతవాళ్ల లెక్కకూ నేటి వైద్యుల లెక్కకూ తేడా రెండు రోజులే. అందుకే నా అభిప్రాయం అడిగితే చిల్లా దాటి, ఆరు వారాల టీకా పడ్డాకనే ప్రయాణం పెట్టుకోండంటాను. రెండు మూడు నెలలు ఆగితే మరీ మంచిది. మా అవ్వల కాలపు మాట ఇక్కడ నిలబడింది. అయితే వాళ్ల మాటలన్నీ నిలబడవు.

నిలబడని వాటిలో ముందు చెప్పాల్సింది ఆ పెద్దావిడ అడిగినదే. పిల్లలను నిద్రపుచ్చే మందులు మనకు కొత్త కాదు. సాన మీద జాజికాయ అరగదీసి నాకించడం, వసకొమ్ము అరగదీసి పట్టడం మనం చూసినవే. బొంబాయి మిల్లుల కాలంలో పనికి పోయే తల్లులు పిల్లలకు నల్లమందు గోళీ వేసి పడుకోబెట్టేవారు. 1931లో వెలువడిన రాయల్ కమిషన్ ఆన్ లేబర్ నివేదికలో కూడా ఆ సంగతి ఉంది. మన తెలుగువాళ్లు పొట్ట చేతబట్టుకుని బొంబాయికీ సోలాపూరుకూ వలసపోయిన కాలమే అది. ఆ తల్లులను తప్పు పట్టే నోరు నాకు లేదు. పది గంటలు మగ్గం దగ్గర నిలబడకపోతే పొయ్యి వెలగని బతుకులు. మరి ఇవాళ మూడు గంటల విమానానికి మనకేమి వచ్చింది?

నల్లమందైనా, జాజికాయ ఎక్కువైనా, దుకాణంలో చెప్పి కొనే జలుబు సిరప్ అయినా పసిబిడ్డ విషయంలో చేసే పని ఒకటే. మత్తులో ఊపిరి మందగిస్తుంది. ప్రోమెథజైన్ అనే మందు మత్తు వస్తుందని చాలామంది ప్రయాణాలకు వాడతారు. రెండేళ్ల లోపు పిల్లలకు అది ఇవ్వకూడదని, ఊపిరి ఆగి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2004లోనే గట్టి హెచ్చరిక చేసింది. ప్రాణవాయువు అసలే కొంచెం తక్కువగా ఉన్న చోట, ఊపిరిని ఇంకా తగ్గించే మందు పోయడం ఏమి తెలివి? పైగా ఒళ్లో దుప్పటి కప్పుకుని కదలకుండా పడుకున్న బిడ్డను చూసి తల్లి నిద్రపోతున్నాడులే అనుకుంటుంది. అదే నాకు భయం.

తేనె సంగతి కూడా చెప్పాలి. ఇది నా తప్పు ఒప్పుకోవడమే. బీయూఎంఎస్ పాసై దవాఖానా పెట్టిన కొత్తలో నేను కూడా ఘుట్టీని తేనెలో రంగరించి ఇచ్చేవాణ్ణి. మా గురువులు ఇచ్చారు, నేను ఇచ్చాను. ఏడాది లోపు పిల్లలకు తేనె వల్ల బొటులిజం అనే జబ్బు రావచ్చు. తేనెలో ఉండే ఒక సూక్ష్మజీవి బీజాలు పసిపేగులో మొలిచి విషం చేస్తాయి, కండరాలు చచ్చుబడతాయి. పసిపిల్లల్లో ఈ జబ్బును 1976లోనే గుర్తించారు. నాకు తెలిసింది చాలా ఆలస్యంగా. తెలిసిన రోజు నుంచి మానేశాను. శుద్ధమైన అడవి తేనె అయినా ఇంతే, కాచి ఇచ్చినా ఇంతే. మా సోదర హకీములలో కొందరు ఇంకా మానలేదు. వాళ్లకు కోపం వచ్చినా సరే ఇది రాస్తున్నాను. ఇబ్న్ సీనా ఖానూన్‌లో పసిబిడ్డల పెంపకం గురించి ప్రత్యేకంగా రాశాడు. బిడ్డను మరీ వేడీ మరీ చలీ లేని గాలిలో, కాస్త నీడ ఉన్న చోట పడుకోబెట్టమన్నాడు. తల్లిపాలకు పెద్దపీట వేశాడు. మెల్లగా ఊపడం, పాట పాడడం బిడ్డకు మేలన్నాడు. సుమారు వెయ్యేళ్ల కిందటి ఆ పెద్దాయన్ను గౌరవించాలంటే వీటిని పట్టుకుంటే చాలు. తర్వాత తెలిసిన దాన్ని కాదనడం గౌరవం కాదు.

మందు వద్దంటే మరి ఏడిస్తే? ఏడవనివ్వండి. విమానం దిగేటప్పుడు బయటి ఒత్తిడి పెరుగుతుంది, చెవి లోపలి ఒత్తిడి వెంటనే సర్దుకోదు. ముక్కు వెనక నుంచి చెవిలోకి పోయే సన్నని గొట్టం పిల్లల్లో ఇంకా ఇరుకు. ఆ నొప్పికి బిడ్డ ఏడుస్తుంది, ఏడుస్తూ మింగుతుంది, దాంతో గొట్టం తెరుచుకుంటుంది. ఏడుపే అక్కడ వైద్యం. అంతకన్నా మంచిది పాలు. ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడు బాధ ఎక్కువ కాబట్టి, దిగడం మొదలైందని చెప్పగానే రొమ్ము ఇవ్వండి. అది నేల తాకడానికి సుమారు అరగంట ముందు మొదలవుతుంది. అంతకు ముందే కడుపు నింపేస్తే అప్పుడు తాగదు. చెవిలో రోగన్ బాదం వేసి దూది పెట్టడం వల్ల ఒత్తిడికి ఏ మేలూ లేదు. ఆ నూనె చెవిలో పోయనే వద్దు.

నిజం చెప్పాలంటే నిద్రమందు అడిగే వాళ్లెవరూ బిడ్డ నొప్పి గురించి అడగరు. పక్క సీటువాళ్లు ఏమనుకుంటారో అని అడుగుతారు. ఆ సిగ్గు నాకు అర్థమవుతుంది. మొదటిసారి విమానం ఎక్కే అమ్మాయికి మరీను. అయినా ముక్కూ మొహమూ తెలియని వాళ్ల మూడు గంటల ప్రశాంతత కోసం మన బిడ్డకు మత్తు పెట్టాలా? ఏడుపు విని మొహం చిట్లించే పెద్దమనుషులకు కూడా ఒక మాట. మీరూ ఒకప్పుడు ఏడ్చినవాళ్లే.

తల్లి సంగతి ఎవరూ అడగరు. ఆ రోజు కూడా అడగలేదు. ఆ అమ్మాయికి ఆపరేషన్ పురుడు. పురుడైన ఆరు వారాల దాకా కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు కన్నా ఎక్కువ. కదలకుండా గంటల కొద్దీ కూర్చుంటే మరీ ఎక్కువ. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. పైగా మన ఇళ్లలో బాలింతకు నీళ్లు తగ్గించే పథ్యం ఒకటి. పొట్ట పెరుగుతుందట! పాలిచ్చే తల్లికి దాహం తీరా నీళ్లు తాగనివ్వండి, ప్రయాణంలో అయితే ఇంకా.

ఆ పెద్దావిడ ముందు నేను వేళ్లు మడిచి లెక్క చెప్పాను. బళ్లారి నుంచి బెంగళూరుకు మూడు వందల కిలోమీటర్లు, ఆరు గంటల కారు. విమానాశ్రయంలో రెండు గంటలు. గాలిలో మూడు గంటలకు కొంచెం తక్కువ. ఢిల్లీలో దిగి ఇల్లు చేరడానికి ఇంకో రెండు గంటలు. పదమూడు గంటలు! విమానమైతే ఇట్టే పోతాం అనుకుంటారు గానీ విమానం అందులో పావువంతు కూడా కాదు. రైలైతే ఒకటిన్నర రోజు పైమాటే, దానికన్నా విమానమే నయం. నేను విమానాన్ని వద్దనడం లేదు, ఈ ఆదివారాన్ని వద్దంటున్నాను. తప్పనిసరైతే బిడ్డకు పలుచని బట్టలు రెండు మూడు పొరలుగా వేసి, చేతులు కడుక్కోని వాళ్లను దగ్గరికి రానివ్వకుండా తీసుకెళ్లండి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 దాటితే ఇంటి వైద్యం, మా వైద్యం రెండూ పక్కనబెట్టి నేరుగా పిల్లల ఆసుపత్రికే పోండి.

కూతురు అంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. చివరికి ఫోను తీసి బయటికి వెళ్లింది. తిరిగి వచ్చి, "టికెట్టు మారిస్తే డబ్బులు పట్టుకుంటారంటమ్మా. అయినా మార్చమన్న్యా. ఆయనే వస్తాడంట," అంది. పెద్దావిడకు డబ్బు పోయిందన్న దిగులు మొహంలో కనిపించింది గానీ ఏమీ అనలేదు. లేచి గుమ్మం దాకా పోయి, చెంగు ముడి విప్పి నాకు చూపించింది. అందులో ఒక జాజికాయ. ముందుజాగ్రత్తగా ఇంటి నుంచే తెచ్చుకుంది.

"మరి దీన్నేం చేయమంటావు సామీ?"

"బారసాల నాడు పాయసంలో వేయండి," అన్నాను.