నల్ల తీగ ఎక్కడికి పోతోంది?

సావనీరుకు ఏదైనా వ్రాసి పంపమని విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, పాత విద్యార్థులు మామూలుగా పంపే సరుకే నేనూ పంపుదామనుకున్నాను. హాస్టలు మెస్సులో నీళ్ళ సాంబారు, పరీక్షల ముందు రాత్రుళ్ళు, గేటు బయట టీ కొట్టు వగైరా. కాని ఈ రెండేళ్ళుగా నా బుర్ర నిండా వైర్లే ఉన్నాయి. అంచేత వాటి గురించే వ్రాస్తున్నాను. చివర మన కాలేజీ మీద ఒక ఫిర్యాదు కూడా ఉంది. లెక్చరర్లు పెద్ద మనసు చేసుకోవాలి.

నేను ఇక్కడ ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి 1986లో బయటపడ్డాను. ఆ తరువాత ముప్పయ్యేళ్ళకు పైగా ఇంగ్లండులో కంప్యూటరు ముందు కూర్చుని బతికాను. ఇన్నేళ్ళలో ఒక్క వైరు ఒలిచి ఇంకో వైరుకు కలిపిన పాపాన పోలేదు. ఉద్యోగం మానేశాక రెండు పనులు ఒకేసారి నెత్తికెత్తుకున్నాను. వద్దని మా ఆవిడ ముందే చెప్పింది, ఆ మాట ఇక్కడ నమోదు చెయ్యాలి. ఒకటి, 1930లలో కట్టిన మా ఇంటి వెనక భాగం పడగొట్టించి, కిందనే పడగ్గది వచ్చేలా మళ్ళీ కట్టించడం. మోకాళ్ళు మెట్లెక్కనంటున్నాయి మరి. రెండు, ఎవరో సగం కట్టి విసుగెత్తి వదిలేసిన కిట్ కారు ఒకటి కొని, దాని వైరింగంతా పీకి మళ్ళీ వెయ్యడం.

కిట్ కారంటే మన పిల్లలకు తెలియకపోవచ్చు. కంపెనీ కారు అమ్మదు, కారు ముక్కలు అమ్ముతుంది. ఇంజనూ గేరుబాక్సూ ఏ పాత ఫోర్డు కారులోంచో ఊడదీసుకుని మనమే బిగించుకోవాలి. బ్రిటన్‌లో ఇది ఇంతగా పెరగడానికి సరదా ఒక్కటే కారణం కాదు, పన్ను కూడా. 1957లో లోటస్ వాళ్ళు సెవెన్ అనే చిన్న కారు తెచ్చారు. ఆ రోజుల్లో తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను ఉండేది, ముక్కలుగా కొంటే తప్పేది. 1973లో వ్యాట్ వచ్చి ఆ లాభం పోయింది గాని, అలవాటు పోలేదు. సెవెన్ పోలికలో తరువాత ఎన్నో చిన్న కంపెనీలు బండ్లు తెచ్చాయి. నాది అలాంటిదే. ఉక్కు గొట్టాల చట్రం, పక్కల అల్యూమినియం రేకు, చక్రాల మీద ఫైబర్‌గ్లాసు మడ్‌గార్డులు. తలుపులు లేవు. వర్షమొస్తే తడవాలి, ఇంగ్లండులో వర్షం రాని రోజు వెతుక్కోవాలి.

ఇల్లు పడగొట్టిన ఆర్నెల్లూ మేము ముందు గదిలోనే కాపురం చేశాం. వంటా అక్కడే, పడకా అక్కడే. పోపు పెడితే ఇంగువ వాసనా సిమెంటు వాసనా కలిసి వచ్చేవి. పనివాళ్ళు ఊడదీసి అవతల పారెయ్యబోయిన పాత తలుపు చెక్కొకటి నేను గ్యారేజీలోకి లాక్కుపోయాను. దాని మీద కారు పొడుగూ వెడల్పూ సుద్దముక్కతో గీసి, మలుపు మలుపుకీ మేకు కొట్టి, ఆ మేకుల చుట్టూ వైర్లు పరిచి జడలా అల్లుకున్నాను. హార్నెస్ అంటారే, అది. నా నాలుగేళ్ళ చదువులో నేర్చుకోని సంగతులు ఆ తలుపు మీద నేర్చుకున్నాను.

మొదటిది రంగుల గొడవ. గోడల్లోంచి బయటపడ్డ పాత వైర్లలో ఎరుపు అంటే కరెంటు, నలుపు అంటే న్యూట్రల్. 2000 దాటాక అక్కడ రంగులు మార్చారు. కొత్త వైరింగులో గోధుమరంగు కరెంటుది, నీలం న్యూట్రల్‌ది. మన దేశంలోనైతే నీలం మూడు ఫేజుల్లో ఒకటి! ఇక బ్రిటిష్ కార్ల పాత పద్ధతిలో నీలం హెడ్‌లైట్లది, ఎరుపు వెనక దీపాలది, గోధుమరంగు బ్యాటరీనుంచి ఫ్యూజు లేకుండా వచ్చేది, నలుపేమో ఎర్త్‌ది. ఒకే రోజు పొద్దున్న ఇంట్లోనూ సాయంత్రం గ్యారేజీలోనూ నిలబడినవాడికి నీలం తీగ చూస్తే ఏమనుకోవాలో తెలియదు. రంగును నమ్మకుండా మీటరు పెట్టి చూడాలి. అది ఏ పుస్తకంలోనో ఉండే ఉంటుంది, నేను చదివి ఉండను.

రెండవది ఎర్త్. ఇంట్లో ఎర్త్ తీగ మామూలు వేళల్లో ఊరికే ఉంటుంది. ఏ గీజరులోనో కరెంటు ఒంటికి పారినప్పుడే దానికి పని. కారులో ఎర్త్ అనేదానికి భూమితో సంబంధమే లేదు, బండి రబ్బరు టైర్ల మీద కదా నిలబడేది. బల్బులోకి వెళ్ళిన కరెంటంతా చట్రం గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వస్తుంది. దాన్నే ఎర్త్ అంటారు. అంటే ఇంట్లో పనిలేకుండా కూర్చునేదీ, కారులో సగం మోత మోసేదీ, రెండింటికీ ఒకటే పేరు. ఈ తేడా నాకు 1986లో తెలియదు. వైవాలో "ఎర్తింగ్ ఎందుకు?" అని అడిగితే "భద్రత కొరకు" అని రెండు ముక్కలు చెప్పి పాసయ్యాను.

ఇంకా సిగ్గుపడే సంగతి చెప్పాలి. మా ఊళ్ళో మా ఇంటి ఫ్రిజ్ ముట్టుకుంటే చెయ్యి జిమ్ముమనేది. మా అమ్మ దాని ముందు ఒక జత రబ్బరు చెప్పులు ఎప్పుడూ పెట్టి ఉంచేది. "చెప్పులేసుకుని తియ్యరా నాయనా" అనేది. డిగ్రీ పట్టా పుచ్చుకున్న నేను సెలవులకు వెళ్ళినప్పుడల్లా బుద్ధిగా చెప్పులేసుకుని ఫ్రిజ్ తీసి మజ్జిగ తాగాను. గోడ సాకెట్టు మూడో బెజ్జం వెనక తీగ ఉందో లేదో విప్పి చూద్దామని ఒక్కసారి కూడా తోచలేదు. తీగ లేదట. ఇల్లు అమ్మేటప్పుడు తెలిసింది. ఆ చెప్పుల మీద అమ్మ అన్నేళ్ళు బతికింది.

మూడవది పన్నెండు వోల్టుల మీద చిన్నచూపు. కారు కరెంటు షాకు కొట్టదు కాబట్టి ఆటబొమ్మ అనుకుంటాం. 60 వాట్ల బల్బు ఇంట్లో 230 వోల్టుల మీద పావు ఆంపియరు చిల్లర తీసుకుంటుంది. అదే 60 వాట్లు కారు హెడ్‌లైటులో 5 ఆంపియర్లు. రెండు లైట్లూ కలిపి పది. సన్నని వైరు వేస్తే దార్లోనే వోల్టేజి తినేస్తుంది. వోల్టేజి పదో వంతు తగ్గితే మామూలు బల్బు వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది. ఇక బ్యాటరీ రెండు కొసల మధ్య స్పానరు పడితే వందల ఆంపియర్లు పోతాయి, స్పానరు ఎర్రబడుతుంది. ఉంగరం తీసి జేబులో పెట్టుకుని పని చెయ్యాలి. ఫ్యూజు కాపాడేది దీపాన్ని కాదు, వైరును. ఇదీ ఆలస్యంగానే తెలిసింది.

సరే, ఇంటి వైరింగు. ఇంగ్లండులో 2005నుంచీ ఒక నిబంధన ఉంది. ఇంట్లో కొత్త సర్క్యూటు వెయ్యాలన్నా ఫ్యూజు బోర్డు మార్చాలన్నా, అందుకు నమోదైన ఎలక్ట్రీషియనైనా చెయ్యాలి, లేకపోతే ముందుగా అధికారులకు తెలియజేసి తనిఖీ చేయించుకోవాలి. మా ఇంటికి వచ్చినవాడు నాలో సగం వయసు కుర్రాడు. స్కూలు అయ్యాక ఒక మేస్త్రీ దగ్గర చేరి పని నేర్చుకుని, పరీక్షలు రాసి వచ్చినవాడు. నేను ఇంజనీరునని చెప్పి, గ్రాఫు కాగితం మీద గీసిన సర్క్యూటు బొమ్మ చేతికిచ్చాను. మర్యాదగా చూశాడు. "వైర్లు లాగిపెట్టండి, సాయంగా ఉంటుంది. కలపడం మాత్రం నాకు వదిలెయ్యండి" అన్నాడు. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. మా ఆవిడకు మాత్రం ఆ కుర్రాడు బాగా నచ్చాడు.

పని అయ్యాక అతను ఒక్కో సర్క్యూటునూ పరీక్షించాడు. 500 వోల్టుల మెగ్గరు పెట్టి ఇన్సులేషన్ చూశాడు. 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పడితే స్విచ్చి ఎన్ని మిల్లీసెకన్లలో పడిపోతోందో కొలిచాడు. వచ్చిన అంకెలన్నీ కాగితం మీద వ్రాసి కింద సంతకం పెట్టాడు. పని చేసిన మనిషి సంతకం. నా ప్రాక్టికల్ రికార్డులో ప్రతి పేజీ కిందా లెక్చరరు గారి సంతకముంది, నాది ఎక్కడా లేదు.

ఇక కారు. హార్నెస్ వేసి, దీపాలు బిగించి, మొదటిసారి బ్రేకు తొక్కాను. ఎడమ బ్రేకు లైటు నీరసంగా వెలిగింది. దాంతోపాటు డాష్‌బోర్డులో స్పీడోమీటరు దీపం మినుకుమంది! బ్రేకు పెడలుకూ స్పీడోమీటరు దీపానికీ ఏమిటి చుట్టరికం? స్విచ్చి మార్చాను. ఫ్యూజు పెట్టె మార్చాను. మీటరు పెట్టి ప్రతి వైరూ చూశాను, అన్ని చోట్లా కీచుమని కూసింది, అంటే కలిసే ఉంది. రెండు వారాలు పోయాయి. తలుపు చెక్కను తన్నాను కూడా.

ఒక సాయంత్రం ఆ కుర్రాడు టీ తాగుతూ గ్యారేజీలోకి వచ్చాడు. సంగతి విని, "ఆ దీపంలోంచి వచ్చే నల్ల తీగ ఎక్కడికి పోతోంది?" అని అడిగాడు. చట్రానికి, అన్నాను. నన్ను బ్రేకు తొక్కిపట్టమని, మీటరు ఒక కొస దీపం ఎర్త్ దగ్గరా రెండో కొస బ్యాటరీ నెగటివ్ మీదా పెట్టాడు. దాదాపు సున్నా రావలసిన చోట మూడున్నర వోల్టులు వచ్చింది. నల్ల తీగ కొసన నేను నొక్కిన లగ్గు కోసి చూశాం. రాగిని కాక పైన ప్లాస్టిక్కును కరచుకుని ఉంది. రాగి పోగులు ఊరికే తగులుతున్నాయంతే.

ఫైబర్‌గ్లాసు మడ్‌గార్డు మీద దీపానికి ఆ నల్ల తీగ తప్ప తిరిగి వచ్చే దారి లేదు. అది ఇరుకైతే కరెంటు ఊరుకుంటుందా? అదే బల్బులో ఉన్న రెండో ఫిలమెంటులో దూరి, వెనక దీపాల వైరు పట్టుకుని, ఆ వరసలోనే ఉన్న డాష్‌బోర్డు దీపం గుండా ఎర్త్ వెతుక్కుంది. ఆ లగ్గు దగ్గర ఉన్నది రెండు మూడు ఓములు. మీటరు కూతకు అది లెక్కలోకి రాదు. వేడెక్కినప్పుడు ఏడు ఓములుండే 21 వాట్ల బల్బుకు వస్తుంది. ఇదంతా ఓమ్ సూత్రమే. మొదటి ఏడాది పాఠం. ఆ సూత్రం మీద నాకు అప్పట్లో నూటికి తొంభై పైన వచ్చాయి.

ఇప్పుడు ఫిర్యాదు. మా రోజుల్లో డి.సి. షంట్ మోటారు ప్రయోగానికి కనెక్షన్లన్నీ ల్యాబు అటెండరు గారు ముందే ఇచ్చి ఉంచేవారు. మేము స్విచ్చి వేసి రీడింగు చూసేవాళ్ళం. చూడని రోజు పై బ్యాచి రికార్డులోంచి దింపుకునేవాళ్ళం. గ్రాఫు ఎంత అందంగా వచ్చేదో! ఇప్పటి పిల్లలు కంప్యూటరులో సర్క్యూటు గీసి నడుపుతున్నారని విన్నాను. మంచిదే. కాని కంప్యూటరులో గీసిన గీతకు లగ్గు ఊడదు, ప్లాస్టిక్కు కరచుకోదు. 2007నుంచీ బాజా పోటీలున్నాయి, మా కుర్రాళ్ళు బండి కట్టారు అని లెక్చరర్లు అంటారు. కట్టినవాళ్ళకు జోహారు. అందులో పనిచేసేది పాతికమందో ముప్పైమందో. తక్కినవాళ్ళు షెడ్డు బయట ఫొటో దిగుతారు. నేను ఆ తక్కినవాళ్ళ గురించి మాట్లాడుతున్నాను, ఎందుకంటే నేను వాళ్ళలోని వాడినే.

నేను అడిగేది చిన్నది. రెండో ఏడాదిలో ఎలక్ట్రికల్, మెకానికల్ పిల్లలు నలుగురికి ఒక పాత స్కూటరు ఇవ్వండి. దాని వైరింగంతా పీకి, కొత్త హార్నెస్ వాళ్ళే అల్లి వెయ్యాలి. వెలిగితే సరిపోదు, కరెంటు పారుతుండగా ఎక్కడ ఎంత వోల్టేజి పోతోందో కొలిచి వ్రాసి, కింద నలుగురూ సంతకం పెట్టాలి. పరీక్షకుడిగా మాత్రం ఇంకో కాలేజీ ప్రొఫెసరు గారిని పిలవకండి. ఊళ్ళో బ్యాటరీ షాపులో ఇరవై ఏళ్ళుగా బండ్ల వైరింగు చేస్తున్న మనిషిని పిలవండి. కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, ఆయన "ఇది పనికిరాదు బాబూ" అంటే మార్కులు వెయ్యకండి. తప్పడం తప్పు కాదు. నా కారూ మొదటిసారి ప్రభుత్వ తనిఖీలో తప్పింది, ఒక వైరుకు అడుగు దూరం లోపల క్లిప్పు లేదని. క్లిప్పు వేసి మళ్ళీ వెళ్ళాను.

చదువుకున్నవాళ్ళకు పట్టా లేనివాడు మార్కులు వెయ్యడమా అని కొందరికి కష్టంగా ఉంటుందని తెలుసు. నాకూ ఆ రోజు అన్నం సయించలేదని చెప్పాను కదా.

మొదటి పది స్కూటర్ల ఖర్చు నాది. ఒకటే షరతు: ఆ బ్యాటరీ షాపు మనిషికి ఇచ్చే ఫీజు, బయటనుంచి వచ్చే ప్రొఫెసరు గారికి ఇచ్చేదానికన్నా ఒక్క రూపాయి తక్కువ ఉండకూడదు. కార్యదర్శి గారు ప్రిన్సిపాలు గారితో మాట్లాడి, అవునో కాదో ఒక ముక్క వ్రాస్తే చాలు.