ఐటీఐలో చేరిన ప్రతి బిడ్డా సర్టిఫికెట్‌తో బయటికి రావాలి!

తల్లిదండ్రులారా, విద్యార్థులారా, ప్రజాప్రతినిధులారా!

ఐటీఐలో సీటు తెచ్చుకున్న పిల్లలు మధ్యలో మానేస్తే "వాడికి శ్రద్ధ లేదు" అని తేల్చేస్తున్నాం. ఇది అన్యాయం. చాలామంది చదువు ఆగేది బద్ధకంతో కాదు. ఇంట్లో డబ్బు లేక, వేళకి బస్సు లేక, చదివితే ఏమొస్తుందో చెప్పేవాళ్లు లేక.

ఫిట్టర్ ట్రేడ్‌లో చేరిన కుర్రాడినే చూడండి. మొదటి నెలల్లో వైస్‌కి బిగించిన ఇనుప ముక్కని ఆకురాయితో రాస్తూ, ట్రై స్క్వేర్ ఆనించి చూస్తే సందులోంచి వెలుతురు కనబడనంత చదును చేయాలి. అరచేతులు బొబ్బలెక్కుతాయి. పనితనానికి పునాది అదేనని ఎవరైనా చెబితే ఓర్చుకుంటాడు. చెప్పరు. ఈలోగా ఊళ్లో మిరప కోతలు మొదలవుతాయి. కోతకి వెళ్తే కూలి వెంటనే చేతికొస్తుంది. స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందో తెలియదు. అప్పులున్న ఇంట్లో పిల్లాడు ఎటు వెళ్తాడు?

కోతలకి వెళ్తే హాజరు తగ్గిపోతుంది. 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. సర్టిఫికెట్ లేనివాడు పని ఎంత వచ్చినా హెల్పర్‌గానే మిగిలిపోతాడు. అదే సర్టిఫికెట్ ఉంటే రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడపిల్లలకి ఆర్టీసీ ప్రయాణం ఉచితం. మంచి పని. కానీ వర్క్‌షాప్ వదిలాక ఊరికి బస్సే లేకపోతే ఆ పిల్ల ఇల్లు చేరేదెలా?

1961 అప్రెంటిస్ చట్టం కింద ఉన్న నిబంధనలకి 2019లో చేసిన సవరణ ప్రకారం, 30 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ఈ నిబంధన గట్టిగా అమలైతే చదువు చివర ఏముందో పిల్లలకి కళ్లెదుటే కనబడుతుంది.

అందుకే మా డిమాండ్లు:

1. స్కాలర్‌షిప్ నెలనెలా విద్యార్థి ఖాతాలో పడాలి.
2. ఐటీఐ వేళలకి తగ్గట్టు బస్సులు నడపాలి. దూరప్రాంతాల వారికి హాస్టల్ కట్టాలి.
3. వరుసగా మూడు రోజులు రాని విద్యార్థి ఇంటికి ఇన్‌స్ట్రక్టర్ ఫోన్ చేయాలి. అవసరమైతే వెళ్లి కలవాలి.
4. ఖాళీగా ఉన్న ఇన్‌స్ట్రక్టర్ పోస్టులు నింపాలి.
5. ఆఖరి పరీక్షకి ముందే అప్రెంటిస్‌షిప్ ఎక్కడో ఖరారు చేయాలి.

తల్లిదండ్రులారా, కోతల రోజుల్లోనూ పిల్లల్ని క్లాసుకి పంపండి. వచ్చే గ్రామసభలో ఈ ఐదు డిమాండ్లపై తీర్మానం చేయించి కలెక్టర్‌కి పంపండి!