ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్: గ్రామర్ వచ్చు.. మరి నోరెందుకు పెగలట్లేదు? నాయుడుపేట విద్యార్థులు తెలుసుకోవాల్సింది ఇదే

నాయుడుపేట: 11 నుంచి 14 నిమిషాలు. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ పరీక్ష మొత్తం అంతే. విదేశీ చదువు కోసం నెలల తరబడి చేసిన ప్రిపరేషన్ ఆ కాసేపట్లో తారుమారు కావొచ్చు. రీడింగ్‌లో 7 తెచ్చుకున్న కుర్రాడు కూడా ఎగ్జామినర్ ఎదుట కూర్చోగానే తడబడుతున్నాడంటే కారణమేంటి? తెలివి తక్కువా? కానే కాదు. మాట్లాడే అలవాటే లేదు.

అర బ్యాండ్ ఎంత పని చేస్తుందంటే..

చిన్న లెక్క చూద్దాం. ఒక విద్యార్థికి లిజనింగ్ 7, రీడింగ్ 7, రైటింగ్ 6, స్పీకింగ్ 5.5 వచ్చాయనుకుందాం. సగటు 6.375. ఐఈఎల్‌టీఎస్ లెక్కలో అది 6.5 అవుతుంది. ఇంట్లో అందరూ హ్యాపీ. కానీ యూనివర్సిటీ నిబంధన 'మొత్తం 6.5, ఏ విభాగంలోనూ 6కి తగ్గకూడదు' అని ఉంటే? స్పీకింగ్ ఒక్కటే అడ్డం పడుతుంది.

పైగా దేశాలు గేట్లు బిగిస్తున్నాయి. ఆస్ట్రేలియా 2024 మార్చి 23 నుంచి స్టూడెంట్ వీసాకు కావాల్సిన ఐఈఎల్‌టీఎస్ స్కోరును 5.5 నుంచి 6కి పెంచింది. కెనడా ఎస్‌డీఎస్ అనే ఫాస్ట్‌ట్రాక్ పద్ధతిని 2024 నవంబర్‌లో ఎత్తేసింది. ఒక్కసారి పరీక్ష రాయాలంటే 17 వేల రూపాయల పైమాటే. అప్పు చేసి పంపే కుటుంబానికి అర బ్యాండ్ అంటే మళ్లీ ఫీజు, మళ్లీ ఎదురుచూపులు.

బడిలో ఎప్పుడూ పెట్టని పరీక్ష

ఏపీలో పదో తరగతి ఇంగ్లిష్ పబ్లిక్ పరీక్ష 100 మార్కులకు. అదంతా రాతే. పిల్లాడు నోరు తెరవకుండానే 90 మార్కులు తెచ్చుకోవచ్చు. 2023 జూన్‌లో అప్పటి వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం సర్కారు బడుల్లో టోఫెల్ కోసం అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుంది. 3 నుంచి 5 తరగతులకు టోఫెల్ ప్రైమరీ, 6 నుంచి 9 తరగతులకు టోఫెల్ జూనియర్ అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక దాన్ని పక్కన పెట్టారు. అది ఖర్చు దండగని ఒకరు, పేద పిల్లలకు అన్యాయమని మరొకరు తిట్టుకున్నారు. ఈ గొడవలో అసలు ప్రశ్న మరుగున పడింది. క్లాసులో పిల్లలతో మాట్లాడించేది ఎవరు?

పక్కనే తెలంగాణ 2023-24 నుంచి ఇంటర్ ఇంగ్లిష్‌లో 20 మార్కులకు ప్రాక్టికల్స్ పెట్టింది. దాన్ని ఎంత పకడ్బందీగా జరుపుతారన్నది వేరే సంగతి. కనీసం మాటకు మార్కులున్నాయని పిల్లలకు తెలిసింది.

బట్టీ ఎందుకు పనిచేయదు?

పరీక్షలో మూడు భాగాలు. మొదట ఊరు, చదువు, అలవాట్లపై మామూలు ప్రశ్నలు. తర్వాత ఒక కార్డు ఇస్తారు. ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాల వరకు మాట్లాడాలి. చివర్లో అదే అంశంపై లోతైన చర్చ. బట్టీ కొట్టిన జవాబు బండారం బయటపడేది ఇక్కడే. కార్డు దాకా గడగడా చెప్పినవాళ్లు, 'ఎందుకలా అనుకుంటున్నావ్?' అని అడగ్గానే ఆగిపోతారు.

ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ.. ఈ నాలుగింటికీ సమాన వెయిటేజీ. మీ అభిప్రాయం ఒప్పా తప్పా అన్నదానికి మార్కుల్లేవు. తెలుగు యాస ఉన్నంత మాత్రాన మార్కులు పోవు. మాట స్పష్టంగా అర్థమైతే చాలు. తెచ్చిపెట్టుకున్న అమెరికన్ యాసతోనే అసలుకు మోసం. 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్' లాంటి మన అలవాటు వాక్యాలను మాత్రం సరిచేసుకోవాలి.

మెటీరియల్ మన చుట్టూనే ఉంది

మీకు నచ్చిన ప్రదేశం గురించి చెప్పమంటే చూడని తాజ్ మహల్ ఎందుకు? నేలపట్టుకు వచ్చే గూడబాతులు, పులికాట్‌లో ఫ్లెమింగోలు, శ్రీహరికోట నుంచి లేచే రాకెట్‌ను మిద్దె మీద నుంచి చూడటం, స్వర్ణముఖి ఒడ్డు.. ఇవి చెప్పండి. చూసింది చెబితే మాట ఆగదు, వివరాలు వాటంతటవే వస్తాయి.

రోజూ చేయాల్సింది ఇంతే. ఒక టాపిక్ తీసుకుని ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డ్ చేయండి. వెంటనే వినండి. ఎక్కడ ఆగారో, ఏ పదం దొరకలేదో రాసుకోండి. అదే టాపిక్‌ను మళ్లీ చెప్పండి. నాయుడుపేట నుంచి తిరుపతికో నెల్లూరుకో బస్సులో వెళ్లే స్నేహితులిద్దరు ఆ దారంతా ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకోవచ్చు. రూపాయి ఖర్చు లేదు. నవ్వుతారేమో అన్న సిగ్గు ఒక్కటే వదులుకోవాలి.

ఫీజు కట్టేముందు ఇవి చూసుకోండి

ఐఈఎల్‌టీఎస్‌లో మనిషితో మాట్లాడతారు. పీటీఈలో మైక్‌లో మాట్లాడాలి, స్కోరింగ్ ప్రధానంగా కంప్యూటర్‌దే. టోఫెల్ 2026 జనవరి 21 నుంచి మారింది. స్పీకింగ్‌లో విన్న వాక్యం తిరిగి చెప్పడం, ఇంటర్వ్యూ ప్రశ్నలకు జవాబివ్వడం ఉంటాయి. పాత పుస్తకాలు కొనకండి. మీ యూనివర్సిటీ, వీసా రెండూ ఏ పరీక్షను ఒప్పుకుంటాయో ముందే చూసుకోండి.

ఐఈఎల్‌టీఎస్‌ను కంప్యూటర్‌పై రాసి ఒక్క స్పీకింగ్‌లోనే తగ్గితే, 60 రోజుల్లోపు ఆ విభాగం మాత్రమే మళ్లీ రాసే 'వన్ స్కిల్ రీటేక్' ఉంది. ఆ స్కోరును మీ యూనివర్సిటీ అంగీకరిస్తుందో లేదో ముందు కనుక్కోండి.

కోచింగ్ సెంటర్‌ను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: 'వారానికి నాతో ఎన్ని నిమిషాలు మాట్లాడిస్తారు?' జవాబుగా మెటీరియల్ పుస్తకం చేతిలో పెడితే, ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోవడం మేలు.