అక్కడి మంచు లెక్క సరే, ఇక్కడి నేల లెక్క కూడా చెప్పండి

జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సంచాలకులకు,
బాలానగర్, హైదరాబాద్.



నిసార్ ఉపగ్రహంలోని ఎస్-బ్యాండ్ రాడార్ తీసిన మొదటి చిత్రమంటూ ఇస్రో జనం ముందు పెట్టింది మా గోదావరి డెల్టానే. 2025 ఆగస్టు 19న తీసిన ఆ బొమ్మలో మడ అడవులు, పొలాలు, తోటలు, చెరువులు దేనికది విడిగా తెలుస్తున్నాయి. కోనసీమవాళ్లం చూసి మురిసిపోయాం. ఆ ముచ్చట తీరాక ఒక ప్రశ్న మిగిలింది. ఇదే ఉపగ్రహం అంటార్కిటికా మంచును కూడా కొలుస్తుంది కదా, ఆ కొలతకూ మా ఏటిగట్టుకూ ఉన్న లంకె ఏమిటో మాకు చెప్పేదెవరు?

మిమ్మల్నే అడగడానికి కారణముంది. అంటార్కిటికాలో లార్సెమన్ కొండల మీద మన భారతి కేంద్రం ఉంది. అక్కడ ఉపగ్రహాల సమాచారం అందుకునే గ్రౌండ్ స్టేషన్ మీదే. ధ్రువకక్ష్యలో తిరిగే ఉపగ్రహం ప్రతి చుట్టులోనూ ధ్రువాల దగ్గరగా పోతుంది కాబట్టి ఆ చోటు ఎంచుకున్నారు. అక్కడ అందిన సమాచారం చివరికి షాద్‌నగర్ చేరుతుంది. అంటే దక్షిణ ధ్రువం నుంచి వచ్చే దారి ఒకటి తెలుగు నేల మీదే ముగుస్తోంది.

మంచు కొలతలో మన దేశం వాటా ఎంతో మనవాళ్లకే పెద్దగా తెలియదు. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి వెళ్లిన సరళ్ ఉపగ్రహాన్ని ముఖ్యంగా సముద్రం కోసం చేశారు. ఎత్తు కొలిచేందుకు ఫ్రాన్స్ ఇచ్చిన ఆల్టికా అనే రాడార్ అందులో ఉంది. అంతకుముందు వాడుకలో ఉన్న కేయూ-బ్యాండ్ తరంగాలు పొడిమంచులోకి కొన్ని మీటర్లు దిగిపోయేవి. దాంతో అసలు పైపొర ఎక్కడుందో తేల్చడం కష్టమయ్యేది. ఆల్టికా వాడిన కేఏ-బ్యాండ్ అంత లోతుకు దిగదు. సముద్రం కోసం పంపిన పరికరం అలా మంచుకూ అక్కరకొచ్చింది. తర్వాత 2018లో నాసా పంపిన ఐస్‌శాట్-2 సెకనుకు 10,000 సార్లు ఆకుపచ్చ లేజర్ వెలిగించి, తిరిగొచ్చిన కాంతికణాలను ఒక్కొక్కటిగా లెక్కిస్తూ ఎత్తు చెబుతోంది.

అయితే ఎత్తు ఒక్కటే తెలిస్తే బరువు తెలియదు. కొత్తగా కురిసిన మంచు, కొత్త పరుపులో దూది అణిగినట్టు, ఏళ్ల తరబడి తనంతట తానే అణుగుతుంది. ఎత్తు తగ్గినంత మాత్రాన మంచు పోయిందనుకుంటే లెక్క తప్పుతుంది. అందుకే నేరుగా బరువునే తూచే పని 2002లో గ్రేస్ జంట ఉపగ్రహాలు మొదలుపెట్టాయి. సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో అవి ఒకదాని వెనక ఒకటి తిరిగేవి. కింద బరువు ఎక్కువున్న చోట ముందుది కాస్త ముందుకు గుంజుకుపోయేది, ఎడం మారేది. ఆ మార్పును మైక్రాన్లలో కొలిచి, నెలనెలా మంచు బరువు ఎంత మారిందో రాబట్టేవారు. 2017లో ఆ జంట పని ముగిసింది. 2018 మేలో దాని తర్వాతి జంట గ్రేస్-ఎఫ్ఓ ఎక్కేదాకా నడుమ కొన్ని నెలల లెక్క ఖాళీగా ఉండిపోయింది.

ఈ తూకంలోనూ ఒక తిరకాసు ఉంది. హిమయుగం నాటి మంచు భారం తొలగిపోయాక, అడుగున ఉన్న నేల ఇప్పటికీ మెల్లగా పైకి లేస్తూనే ఉంది. గ్రేస్‌కు రాయీ మంచూ ఒకటే, రెండూ బరువే. అంటార్కిటికా విషయంలో ఈ సవరణ ఇంచుమించు అసలు లెక్కంత పెద్దది. నేల లేవడాన్ని లెక్కగట్టే మోడల్ లేకుండా అక్కడ తక్కెడ ముల్లు నిలవదు. ‘ఉపగ్రహం చూసింది కాబట్టి నిజం, మోడల్ చెప్పింది కాబట్టి ఊహ’ అని టీవీల్లో వాదించేవాళ్లకు ఈ ఒక్క సంగతి చాలు.

ఎత్తు, బరువు కాక మూడో పద్ధతి మంచు నడకను కొలవడం. ఒకే చోటును కొన్ని రోజుల తేడాతో రాడార్‌తో చూసి, మంచునది ఎంత జరిగిందో, అది నేలను వదిలి నీటి మీద తేలడం మొదలయ్యే గీత ఎక్కడుందో పట్టుకుంటారు. సముద్రంలోకి జారిందెంత, పైన కురిసిందెంత అని కూడికా తీసివేతా వేస్తారు. నిసార్ అసలు బలం ఇక్కడే. 12 రోజులకొకసారి అదే చోటికి వస్తుంది. రాడార్ చూపును ఎడమవైపుకే ఉంచాలని నిర్ణయించారు కాబట్టి ఇదివరకటి రాడార్లకు సరిగ్గా అందని దక్షిణ ధ్రువ ప్రాంతం కూడా దానికి కనిపిస్తుంది.

ఈ మూడు దారుల్లో వచ్చిన లెక్కలన్నీ ఒకచోట చేర్చి సరిచూసే అంతర్జాతీయ బృందం పేరు ఇంబీ. 1992 నుంచి 2020 దాకా గ్రీన్‌లాండ్, అంటార్కిటికా కలిసి సుమారు 7,560 గిగాటన్నుల మంచు పోగొట్టుకున్నాయని 2023లో తేల్చింది. గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు. దానివల్ల సముద్రం పెరిగింది 21 మిల్లీమీటర్లు. అంగుళం కూడా లేదు కదా అని నవ్వేవాళ్లుంటారు. అదే లెక్కలో 1990ల మొదట్లో ఏడాదికి సుమారు 105 గిగాటన్నులు పోతే, 2016-20 మధ్య 372 గిగాటన్నులు పోయాయి. నవ్వేముందు ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. 2021-23లో తూర్పు అంటార్కిటికాలో మంచు విపరీతంగా కురిసి, ఖండం బరువు కొన్నాళ్లు పెరిగింది కూడా. దాన్ని పట్టుకుని ‘కరగడం అబద్ధం’ అన్నవాళ్లూ ఉన్నారు. మూడేళ్ల మంచు ముప్పై ఏళ్ల లెక్కను చెరిపేయదు.

రేపటి సంగతికి వస్తే అంత ధీమా ఎవరికీ లేదు. పశ్చిమ అంటార్కిటికాలోని థ్వైట్స్ హిమానీనదం కింద నేల లోపలికి పోయేకొద్దీ పల్లంగా ఉంటుంది. ఒకసారి వెనక్కి జరగడం మొదలైతే ఎక్కడ ఆగుతుందో చెప్పడం కష్టం. అదొక్కటి మొత్తం పోతే సముద్రం 65 సెంటీమీటర్లు పెరుగుతుంది. అంటార్కిటికా ఒక్కటే 2100 నాటికి మీటరు మించి పెంచవచ్చని 2016లో డికాంటో, పోలార్డ్ లెక్కగట్టారు. 2021లో వాళ్లే మోడల్‌ను సరిచేసుకుని ఆ అంకెను బాగా తగ్గించారు. నా దృష్టిలో అది సైన్సుకు తలవంపు కాదు, లెక్క నిజాయితీగా నడుస్తోందనడానికి గుర్తు. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి వాతావరణ బృందం ఐపీసీసీ, ఉద్గారాలు బాగా ఎక్కువైతే 2100కి ప్రపంచ సగటు పెరుగుదల 63 నుంచి 101 సెంటీమీటర్లు ఉండవచ్చంది. మంచుపలకలు అనుకోని తీరుగా కూలితే 2 మీటర్ల దాకా పోవడాన్ని కొట్టిపారేయలేమనీ చెప్పింది.

ఇక మా గొడవ. ‘ప్రపంచ సగటు’ అనే సముద్రం ఏ ఊరి ఒడ్డునా లేదు. అంత పెద్ద మంచుపలక తన చుట్టూ ఉన్న నీటిని ఆకర్షణతో దగ్గరికి లాక్కుని ఉంచుతుంది. అది కరిగితే దాని పక్కన సముద్రం తగ్గుతుంది, వేల కిలోమీటర్ల అవతల సగటును మించి పెరుగుతుంది. పైగా మా డెల్టా ఒండ్రు నేల. దాని గుణమే అణగడం. ఏటా వరద తెచ్చే కొత్త ఒండ్రు ఆ లోటు పూడ్చేది. ఇప్పుడు అందులో చాలా భాగం ఎగువ ఆనకట్టల్లోనే ఆగిపోతోంది. గ్యాసు తోడడం వల్ల కూడా కుంగుతోందా అన్న వాదన ఏళ్లుగా నడుస్తోంది. సముద్రం లేచినా నేల దిగినా మా గడపకు ఒకటే.

2025లో మా కోనసీమలో కేశనపల్లి వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరితోటలు పోయాయి. మొదళ్లలో నీరు నిలిచి, మట్టలు వాలి, తలలు ఊడి, మొద్దులు మిగిలాయి. ఇది ధ్రువాల మంచు చేసిన పనేనని నేను అనను. డ్రెయిన్ పూడిక, గట్లు, పోటు నీటి దారి, ఇవే ముందు చూడాల్సినవి. కానీ రేపు ఆ డ్రెయిన్‌కు గట్టు కట్టేటప్పుడు ఎంత ఎత్తు కట్టాలన్నది ఎవరు చెబుతారు? ఇంజనీరు దగ్గర పాత పోటు లెక్క ఉంటుంది. నేల ఏడాదికెంత కుంగుతోందో ఉండదు.

ఆ లెక్క తీయగల పరికరం ఇప్పుడు మీ చేతిలో ఉంది. సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహం వాడే 5.6 సెంటీమీటర్ల తరంగం ఆకుల మీదే చెదిరిపోతుంది. వరిచేలు, కొబ్బరితోటలు ఉన్నచోట నేల కదలికను పట్టడం దానికి కష్టం. నిసార్‌లోని మరో రాడార్ వాడే ఎల్-బ్యాండ్ తరంగం 24 సెంటీమీటర్లు, ఆకుల సందుల్లోంచి నేల దాకా పోగలదు. రొయ్యల చెరువుల నీళ్ల మీద అదీ పనిచేయదు, నిజమే. అయినా గట్లున్నాయి, రోడ్లున్నాయి, ఊళ్లున్నాయి.

కాబట్టి మా విన్నపం ఒక్కటే. మీ భూనిధి వెబ్‌సైట్‌లో మీరు పెట్టే ఫైళ్లు పరిశోధకులకు పనికొస్తాయి, సర్పంచికి పనికిరావు. హైదరాబాద్‌లోనే ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌ను కలుపుకుని, ఏడాదికొకసారి తెలుగులో ఒక చిన్న నివేదిక వేయండి. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా, మండలాల వారీగా నేల ఎంత దిగింది, సముద్రం ఎంత లేచింది, అందులో ధ్రువాల మంచు వాటా ఎంత, రాబోయే ముప్పై ఏళ్లకు తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత అన్నది అందులో ఉండాలి. మీకు గట్టిగా తెలియని చోట తెలియదనే రాయండి. దాన్ని పంచాయతీ ఆఫీసు గోడకు అంటించేలా చూడండి. మొదటి నివేదికను కోనసీమతోనే మొదలుపెట్టమని మనవి. మొదటి బొమ్మ ఎలాగూ మాదే తీశారు.

ఇట్లు,
గోదావరి మొగ దగ్గరి ఒక కోనసీమవాసి